నఖ్షా, హిజ్రత్, ఇమ్తిహాన్: టెస్ట్ డేటాబేస్ తవారీఖ్

మన ఇళ్ళల్లో సాఫ్ట్‌వేర్ పనికి పోయే పిల్లలు ఇప్పుడు తక్కువేం లేరు. హైదరాబాద్‌లో ఉన్నారు, బెంగళూరులో ఉన్నారు, రియాద్‌లో, డాలస్‌లో ఉన్నారు. పండక్కి ఇంటికొచ్చి దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నా ఫోన్‌లో అదే గోల: "మైగ్రేషన్ రన్ అయిందా? టెస్ట్ డేటాబేస్ లేచిందా?" పక్కన కూర్చున్న దాదీమాకి మైగ్రేషన్ అంటే తెలిసింది ఒకటే. ఊరు విడిచి పోవడం, హిజ్రత్. ఈ పిల్లలు రోజుకి నాలుగుసార్లు ఎక్కడికి హిజ్రత్ చేస్తున్నారో ఆమెకి అంతు పట్టదు.

నేను కోడ్ రాసేవాణ్ణి కాదు. అయినా ఈ సంగతి తవారీఖ్ రాయాలనిపించడానికి వజహ్ ఉంది. మన పేర్లు, పుట్టిన తారీఖులు, రేషన్, పింఛను, స్కాలర్‌షిప్, బ్యాంకు ఖాతా, అన్నీ ఇవాళ ఏదో ఒక డేటాబేస్‌లోని ఖానాల్లో ఉన్నాయి. ఆ ఖానాలు ఎవరు గీశారు, ఎప్పుడు మార్చారు, మార్చే ముందు ఎక్కడైనా ఇమ్తిహాన్ పెట్టి చూశారా అన్నది మన జిందగీకి సంబంధించిన సవాల్. ఒక ఖానా పొడవు తక్కువైతే ఒక మనిషి పేరు సగంలో తెగుతుంది. ఆ తెగిన పేరు పట్టుకుని దఫ్తర్ల చుట్టూ తిరిగేది మనమే.

మూడు మాటలు ముందు తెలుసుకుందాం. డేటాబేస్‌లో ఏ టేబుల్ ఉండాలి, దాంట్లో ఏ ఖానాలుండాలి, ఏ ఖానా ఖాళీగా ఉండొచ్చు, ఏది ఉండకూడదు అని చెప్పేది స్కీమా. మన మాటలో ఇంటి నఖ్షా. ఆ నఖ్షాని ఒక రూపం నుంచి ఇంకో రూపానికి తీసుకుపోయే ఒక్కొక్క మార్పు మైగ్రేషన్. అసలు డేటాని ముట్టకుండా, ప్రోగ్రాం సరిగ్గా పనిచేస్తుందా లేదా అని ఇమ్తిహాన్ పెట్టడానికి కట్టే వేరే ఇల్లు టెస్ట్ డేటాబేస్. ఈ మూడూ ఒకచోటికి చేరడానికి దాదాపు ముప్పై అయిదేళ్ళు పట్టింది.

నఖ్షా వేరు, నివాసం వేరు

1968లో ఐబీఎం తెచ్చిన ఐఎంఎస్ అనే డేటాబేస్ చంద్రుడి మీదికి మనిషిని పంపిన అపోలో ప్రోగ్రాం కోసం పుట్టింది. రాకెట్‌కి కావాల్సిన లక్షల విడిభాగాల హిసాబు దాని పని. అందులో సమాచారం చెట్టులా ఉండేది. కొమ్మకి రెమ్మ, రెమ్మకి ఆకు. ఆకు కావాలంటే ఏ కొమ్మ మీంచి పోవాలో ప్రోగ్రాంకి తెలిసుండాలి. కొమ్మ జరిపితే దాని మీద నడిచే ప్రోగ్రాములన్నీ పడిపోయేవి.

ఇదే ఐబీఎంలో, కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో పనిచేసే ఎడ్గర్ కాడ్ అనే ఇంగ్లండ్ గణితజ్ఞుడు 1970 జూన్‌లో ఒక మజ్మూన్ అచ్చువేశాడు. సమాచారాన్ని సాదా పట్టికలుగా పెట్టండి, లోపల ఎలా దాచారన్న సంగతి బయట వాడుకునే ప్రోగ్రాంకి అక్కర్లేదు అన్నది అతని వాదన. 1974లో అదే కంపెనీకి చెందిన డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయ్స్ ఆ పట్టికలతో మాట్లాడే జబాన్ ఒకటి తయారుచేశారు. అదే తర్వాత ఎస్‌క్యూఎల్ అయింది, 1986లో అమెరికాలో ప్రమాణంగా మంజూరైంది.

కాడ్ వల్ల నఖ్షా మార్చడం తేలికైంది. ఒక ఖానా కలపాలంటే ఒక్క వాక్యం రాస్తే చాలు. కానీ ఆ వాక్యం ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఏ మెషీన్ మీద రాశారు అన్న రికార్డు ఎక్కడుంటుందో ఎవరూ చెప్పలేదు. తర్వాత చాలా ఏళ్ళు అది డేటాబేస్ చూసుకునే అధికారి చేతిలోనే ఉండిపోయింది. ఆయన మార్పులు చేసి ఒక ఫైల్‌లో రాసిపెట్టుకుంటే ఉన్నట్టు, మరిచిపోతే లేనట్టు.

ప్రోగ్రాం రాసేవాళ్ళకి టెస్ట్ చేసుకోవడానికి ఏమిచ్చేవారు? చాలా చోట్ల అసలు డేటాబేస్ నకలే. ఆర్నెల్ల కిందటి నకలు ఒకటి తీసి అందరికీ ఉమ్మడిగా ఇచ్చేవాళ్ళు. దాంతో రెండు ఆఫత్‌లు. ఒకటి, అసలు మారిపోయింది, నకలు మారలేదు. నకలు మీద పాసైన ప్రోగ్రాం అసలు మీద ఫెయిలయ్యేది. రెండోది, ఆ నకలులో నిజం మనుషుల పేర్లు, చిరునామాలు, జీతాలు ఉండేవి. అది అమానత్‌లో ఖయానత్. దాని సంగతి చివర్లో చెప్తాను.

ఒక్కొక్కరికి ఒక్కో ఇల్లు

1990ల చివర్లో సాఫ్ట్‌వేర్ రాసే తరీఖానే మారింది. 1999లో కెంట్ బెక్ ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ మీద కితాబ్ తెచ్చాడు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా కొండల్లో 17 మంది కూర్చుని ఎజైల్ మానిఫెస్టో రాశారు. వాళ్ళు చెప్పేది ఏంటంటే, ఏడాది పాటు నఖ్షా గీసి తర్వాత కట్టడం కుదరదు, కొంచెం కట్టు, ఇమ్తిహాన్ పెట్టు, మళ్ళీ కొంచెం కట్టు. ప్రోగ్రాంకైతే ఇది కుదిరింది. డేటాబేస్ మాత్రం మొండికేసింది. వారానికి రెండుసార్లు నఖ్షా మారితే ఆ అధికారి ఏం చెయ్యాలి? పదిమందికి ఉమ్మడిగా ఒకటే టెస్ట్ డేటాబేస్ ఉంటే, ఒకడు ఖానా తీసేసిన నిమిషంలో తొమ్మిదిమంది పని ఆగిపోతుంది.

దీనికి జవాబ్ రాసింది థాట్‌వర్క్స్ కంపెనీలో పనిచేసిన ప్రమోద్ సదాలగే, మార్టిన్ ఫౌలర్. 2003లో వాళ్ళిద్దరూ డేటాబేస్ నఖ్షా మెల్లగా ఎలా ఎదగాలి అన్న దాని మీద మజ్మూన్ రాశారు. ప్రోగ్రాం రాసే ప్రతి మనిషికీ సొంత డేటాబేస్ ఉండాలి, దాన్ని పాడుచేసుకున్నా ఎవరికీ నష్టం ఉండకూడదు. నఖ్షాలో ప్రతి మార్పూ, ఎంత చిన్నదైనా, ఒక ఫైల్‌గా రాసి కోడ్‌తోపాటే భద్రం చెయ్యాలి. ఆ ఫైళ్ళు వరసగా నడిపితే ఖాళీ జాగాలో కొత్త డేటాబేస్ ఎవరైనా కట్టుకోగలగాలి. 2006లో సదాలగే, స్కాట్ ఆంబ్లర్‌తో కలిసి దీన్ని పూర్తి కితాబ్‌గా తెచ్చాడు.

తెలంగాణ వాళ్ళకి ఇది వెంటనే సమజ్ అవుతుంది. మన రెవెన్యూ దఫ్తర్లో సేత్వార్ అనే మూల రిజిస్టర్ ఉంటుంది. బందోబస్తు నాడు భూమి ఎలా ఉందో అది చెప్తుంది. తర్వాత ఏడాదికేడాది వచ్చిన తబ్దీలీలు ఫైసల్ పట్టీలో ఎక్కుతాయి. ఇవాళ్టి హక్కు తేలాలంటే సేత్వార్ దగ్గర మొదలుపెట్టి ఒక్కో ఏడాది మార్పు కలుపుకుంటూ రావాలి. మధ్యలో ఒక ఏడాది కాగితం పోతే ఝగ్డా అక్కడ మొదలవుతుంది. మైగ్రేషన్ ఫైళ్ళ వరస కూడా ఇలాంటి సిల్‌సిలానే.

ఒక అఖ్బార్ దఫ్తర్ నుంచి

ఈ ఆలోచన మామూలు ప్రోగ్రామర్ చేతికి వచ్చింది 2005లో. డెన్మార్క్‌కి చెందిన డేవిడ్ హైనమైయర్ హాన్సన్ 2004లో రూబీ ఆన్ రెయిల్స్ అనే వెబ్ చట్రాన్ని బయటపెట్టాడు. 2005 డిసెంబర్‌లో దాని మొదటి పూర్తి వెర్షన్ వచ్చేనాటికి మైగ్రేషన్లు అందులో ఉన్నాయి. ఫైల్ పేరు ముందు ఒక నంబర్: 001, 002, 003. డేటాబేస్‌లో ఒక చిన్న టేబుల్ "నేను 14 దాకా వచ్చాను" అని గుర్తుపెట్టుకునేది. కొత్తగా 15 వస్తే అది ఒక్కటే నడిచేది.

అదే 2005లో జాంగో అనే ఇంకో చట్రం లోకానికి తెలిసింది. మా పేషావాళ్ళు ఖుష్ కావాల్సిన సంగతి, అది పుట్టింది ఒక అఖ్బార్ దఫ్తర్‌లో. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో లారెన్స్ జర్నల్-వరల్డ్ అనే పత్రిక వెబ్‌సైట్లు చూసే ఏడ్రియన్ హోలోవాటీ, సైమన్ విలిసన్ దాన్ని మొదలుపెట్టారు. ఎడిటర్ పొద్దున అడిగింది సాయంత్రానికి కావాలి. పత్రిక దఫ్తర్లో ఆ హడావుడి ఎలా ఉంటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ జాంగో మొదట్లో కొత్త టేబుల్ కట్టగలిగేదే గానీ, ఉన్న టేబుల్‌లో ఖానా మార్చలేకపోయేది. ఆ పని చేత్తో చేసుకోవాల్సిందే. 2008లో ఆండ్రూ గాడ్విన్ అనే కుర్రవాడు సౌత్ అనే పనిముట్టు రాసి ఆ లోటు తీర్చాడు. 2013లో జాంగో లోపలే మైగ్రేషన్లు పెట్టడానికి అతను ఇంటర్నెట్‌లో చందా అడిగితే, అడిగినదానికి ఎన్నో రెట్లు వచ్చింది. 2014 సెప్టెంబర్‌లో జాంగో 1.7తో అది అందరికీ అందింది. జావా వైపు లిక్విబేస్ 2006లో, ఫ్లైవే 2010లో ఇదే దారి పట్టాయి.

రెయిల్స్ నంబర్ల పద్ధతిలో ఒక ముష్కిల్ వచ్చింది. ఇద్దరు ప్రోగ్రామర్లు ఒకే రోజు, ఒకరికి తెలియకుండా ఒకరు, 015 అని ఫైల్ రాస్తారు. ఏది ముందు? 2008లో రెయిల్స్ 2.1 వచ్చినప్పుడు నంబర్లు తీసేసి తారీఖు, గంట, నిమిషం, సెకన్ కలిపి ఫైల్ పేరులో పెట్టారు. ఎక్కడిదాకా వచ్చామన్న ఒక్క నంబర్ బదులు, నడిచిన ప్రతి మైగ్రేషన్ పేరూ టేబుల్‌లో రాయడం మొదలైంది.

ఇది చదివినప్పుడు నాకు మన హిజ్రీ కేలండర్ రివాయత్ గుర్తొచ్చింది. హజ్రత్ ఉమర్ (రజి.) ఖిలాఫత్‌లో దఫ్తర్‌కి వచ్చే కాగితాల మీద నెల ఉండేది, సంవత్సరం ఉండేది కాదు. షాబాన్ అని రాసి ఉంటే ఏ షాబాన్ అన్నది తెలిసేది కాదట. సలహా మష్వరా తర్వాత హిజ్రత్ జరిగిన ఏడాదిని మొదటిదిగా పెట్టి సన్ లెక్కించడం మొదలైంది. వేర్వేరు చోట్ల కూర్చున్నవాళ్ళు రాసిన కాగితాలు ఒకచోట చేరి వరసగా నిలబడాలంటే అందరికీ ఒకే తారీఖు కావాలి. రెండు చోట్లా అదే జరూరత్.

ఇంకో ఉసూల్ కూడా చెప్పుకోవాలి. ఒకసారి నడిచిన మైగ్రేషన్ ఫైల్‌ని దిద్దకూడదు. తప్పుంటే సరిచేసే కొత్త మైగ్రేషన్ రాయాలి. ఫ్లైవే, లిక్విబేస్ అయితే ప్రతి ఫైల్‌కీ ఒక గుర్తింపు సంఖ్య లెక్కగట్టి దాచుకుంటాయి. తర్వాత ఎవరైనా ఒక్క అక్షరం మార్చినా ఆ సంఖ్య కలవదు, పని ఆగిపోతుంది. రిజిస్టర్లో కొట్టివేత ఉండొచ్చు, చెరిపివేత ఉండకూడదన్న పాత మున్షీల కాయిదా ఇది.

ఖాళీ జాగాలో కొత్త ఇల్లు

టెస్ట్ డేటాబేస్ కట్టడానికి రెండు దారులున్నాయి. వెబ్ లోకంలో ఈ రెండింటి మీద బహస్ ఇంకా నడుస్తూనే ఉంది.

మొదటి దారి జాంగోది. టెస్ట్ మొదలుపెట్టగానే అది అసలు డేటాబేస్ పేరు ముందు "టెస్ట్" అని తగిలించి వేరే ఖాళీ డేటాబేస్ తెరుస్తుంది. మొదటి మైగ్రేషన్ నుంచి చివరిదాకా అన్నీ వరసగా నడుపుతుంది. టెస్టులు అయ్యాక మొత్తం కూల్చేస్తుంది. దీని ఫాయిదా ఏంటంటే, ప్రతి రోజూ సిల్‌సిలా మొత్తానికి ఇమ్తిహాన్ అవుతుంది. మధ్యలో ఒక ఫైల్ పోయినా, ఎవరైనా అసలు డేటాబేస్‌లో చేత్తో ఖానా కలిపి ఫైల్ రాయకపోయినా, ఆ ఖానా అడిగే టెస్ట్ అక్కడే దొరకబట్టేస్తుంది.

నుక్సాన్ కూడా ఉంది. పదేళ్ళ ప్రాజెక్టులో మైగ్రేషన్లు వందల్లో ఉంటాయి. ప్రతిసారీ అన్నీ నడపాలంటే నిమిషాలు పడుతుంది. అందుకే 2015లో జాంగో 1.8 వచ్చినప్పుడు టెస్ట్ డేటాబేస్‌ని కూల్చకుండా ఉంచుకునే వెసులుబాటు ఇచ్చారు. పాత మైగ్రేషన్లు చాలావాటిని కలిపి ఒకటిగా కుదించే పనిముట్టు 1.7లోనే ఉంది.

రెండో దారి రెయిల్స్‌ది. మైగ్రేషన్లు నడిచిన ప్రతిసారీ చివరికి తేలిన నఖ్షాని అది ఒక ఫైల్‌లో రాసి పెడుతుంది. టెస్ట్ డేటాబేస్ కట్టేటప్పుడు పాత కథంతా తిరగెయ్యకుండా ఆ చివరి నఖ్షా చూసి ఒక్కసారే కట్టేస్తుంది. 2014లో వచ్చిన రెయిల్స్ 4.1 నుంచి, మైగ్రేషన్ ఏదైనా మిగిలి ఉంటే టెస్ట్ ముందు ఆ నఖ్షాని తనే ఎక్కించుకుంటుంది. 2020లో లారవెల్ 8 కూడా పాత మైగ్రేషన్లని ఒక నఖ్షా ఫైల్‌గా కుదించే దారి తెచ్చింది. ఇది తేజ్ దారి. కానీ పాత ఫైళ్ళ సిల్‌సిలా తెగిపోయిందా లేదా అన్నది ఈ దారిలో తెలియదు.

ఇల్లు కట్టాక ఒక్కో టెస్ట్ వచ్చి సామాన్లు పెట్టి చూసుకుని పోతుంది. రెండో టెస్ట్ వచ్చేసరికి మొదటిదాని సామాను ఉండకూడదు. అందుకని ప్రతి టెస్ట్‌నీ ఒక లావాదేవీలో పెట్టి, అయిపోగానే దాన్ని రద్దు చేస్తారు. గోడలు అలాగే ఉంటాయి, గదులు ఖాళీ అవుతాయి.

ఏ దారిలో కట్టినా పట్టుబడని తప్పు ఒకటుంది. ఖాళీ ఇంట్లో ఖానాలు ఎలా జరిపినా ఎవరికీ తగలదు. మనుషులున్న ఇంట్లో జరిపితే తగులుతుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో "ఇంటిపేరు" అనే కొత్త ఖానా కలిపి, ఇది ఖాళీగా ఉండకూడదు అని షరతు పెట్టారనుకోండి. ఖాళీ టెస్ట్ డేటాబేస్‌లో ఆ మైగ్రేషన్ హాయిగా నడుస్తుంది. అసలు డేటాబేస్‌లో లక్షమంది ఉంటే, వాళ్ళందరి ఇంటిపేరూ ఖాళీయే కదా అని అది అక్కడే ఆగిపోతుంది. పోస్ట్‌గ్రెస్ అయితే ఆ మైగ్రేషన్ మొత్తాన్నీ వెనక్కి తీసుకోగలదు. మైఎస్‌క్యూఎల్‌లో నఖ్షా మార్పు ఒక్కొక్కటీ అక్కడికక్కడే ఖాయం అయిపోతుంది, ఒక మైగ్రేషన్‌లో అయిదు మార్పులుండి మూడో దాని దగ్గర ఆగితే ఇల్లు సగం కూల్చి సగం కట్టినట్టు మిగులుతుంది.

మన పేర్ల ఇమ్తిహాన్

ఇప్పుడు మన సంగతి. ఆంధ్ర వైపు షేక్, సయ్యద్, పఠాన్ అన్నవి ఇంటిపేర్లుగా ముందుంటాయి. హైదరాబాద్ వైపు మహమ్మద్ అన్నది చాలామందికి పేరులో భాగం, ఇంటిపేరన్నదే ఉండదు. ఆడపిల్లకి బేగం, బీ, సుల్తానా చివర వస్తాయి. ఇంటిపేరు తప్పనిసరి అన్న ఖానా ముందు మనవాళ్ళు ఒక చోట ఒకటి, ఇంకో చోట ఇంకొకటి రాస్తారు. రెండు కాగితాల్లో రెండు పేర్లవుతాయి.

పొడవు సంగతి చూడండి. మహమ్మద్ అబ్దుల్ రహీమ్ సిద్దీఖీ అన్న పేరుని ఇంగ్లీషులో మామూలు స్పెల్లింగుతో రాస్తే స్పేసులతో కలిపి 30 అక్షరాలవుతుంది. ఖానాని 20 అక్షరాలకే గీశారనుకోండి. పోస్ట్‌గ్రెస్ ఆ పేరు తీసుకోనని ఎర్రర్ ఇస్తుంది. ఎస్‌క్యూలైట్ పొడవు షరతుని పట్టించుకోదు, మొత్తం తీసేసుకుంటుంది. పాత మైఎస్‌క్యూఎల్ మామూలు సెట్టింగుల్లో పేరుని 20 దగ్గర కోసేసి, ఒక వార్నింగ్ రాసుకుని ముందుకు పోయేది. అంటే "మహమ్మద్ అబ్దుల్ రహీ". 2015లో వచ్చిన మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచే ఇలా కొయ్యకుండా ఎర్రర్ ఇవ్వడం మామూలు కాయిదా అయింది. టెస్టులు తేజ్‌గా నడుస్తాయని ఎస్‌క్యూలైట్ మీద పెట్టి, అసలుని మైఎస్‌క్యూఎల్ మీద నడిపిన చోట్ల ఇమ్తిహాన్ పాసవుతుంది, మనిషి పేరు తెగుతుంది. టెస్ట్ డేటాబేస్‌ని అసలు ఏ రకంలో ఉందో అదే రకంలో, అవే మైగ్రేషన్లతో కట్టాలని సీనియర్లు పట్టుబట్టేది ఇందుకే.

లిపి సంగతీ అంతే. 2018లో 8.0 వచ్చేదాకా మైఎస్‌క్యూఎల్ తనంతట తాను ఎంచుకునే లిపి లాటిన్. అందులో తెలుగు ఉండదు, ఉర్దూ ఉండదు. ఖానా అలా గీసి మన అక్షరాలు పోస్తే ప్రశ్నార్థకాల వరస మిగిలేది. అది తర్వాత ఏ పనిముట్టుతోనూ వెనక్కి రాదు, ఎందుకంటే అక్షరం అసలు లోపలికి పోనేలేదు. ఖానా లిపి ఏదన్నది మైగ్రేషన్‌లోనే రాసి ఉంటే, ఆ మైగ్రేషన్‌తో కట్టిన టెస్ట్ డేటాబేస్‌లో ఒక్క తెలుగు పేరు, ఒక్క ఉర్దూ పేరు వేసి చూస్తే, ఈ ప్రశ్నార్థకాలు జనం దాకా వచ్చేవి కావు. టెస్ట్ కోసం పెట్టే పేర్లన్నీ జాన్, స్మిత్ అయితే మాత్రం ఏ పనిముట్టూ కాపాడదు.

అమానత్

అసలు డేటా నకలునే టెస్ట్‌కి వాడే ఆదత్ ఇంకా పూర్తిగా పోలేదు. "నిజం డేటా అయితేనే నిజం తప్పులు దొరుకుతాయి" అంటారు. పైన చెప్పిన ఇంటిపేరు ఉదాహరణ చూస్తే ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ అసలు డేటాబేస్‌కి పది తాళాలుంటాయి, నకలు ఎవరి లాప్‌టాప్‌లోనో తాళం లేకుండా ఉంటుంది. ఆ నకలులో ఉన్నది ఒక విధవరాలి పింఛను ఖాతా కావచ్చు, ఒక ఆడపిల్ల ఫోన్ నంబర్ కావచ్చు. మన దేశంలో 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. ఒక పనికని ఇచ్చిన డేటాని ఆ పనికే వాడాలన్నది దాని మూల ఉసూల్. మైగ్రేషన్లతో ఖాళీ ఇల్లు కట్టి, మన అన్ని రకాల పేర్లూ అచ్చం అలాగే కల్పించి, వాటితో నింపి ఇమ్తిహాన్ పెట్టడం కష్టమైన పనే, కానీ అసలు మనుషుల గుట్టు బయటపడదు.

ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ సూరె బఖరాలో 282వది. అది అప్పు రాతకోతల గురించి. రాసేవాడు న్యాయంగా రాయాలని, గవాహీలు ఉండాలని, చిన్నదైనా పెద్దదైనా గడువుతో సహా రాయడానికి బద్దకించొద్దని చెప్పే ఆయత్ అది. మన పిల్లలు చేసే కొలువు, ఒక రకంగా, ఆ కాతిబ్ కొలువే. వాళ్ళు గీసే ఖానాలో కూర్చునేది వాళ్ళకి తెలియని ఎవరో మనిషి హక్కు.

ఈసారి ఇంట్లో ఎవరైనా "టెస్ట్ డేటాబేస్ లేచిందా" అని ఫోన్‌లో అంటుంటే, ఫోన్ పెట్టేశాక ఒక్క సవాల్ అడగండి. బేటా, ఆ టెస్టులో మన దాదీమా పూర్తి పేరు వేసి చూశావా?